గాజులకు గాజు కాపలా

పెట్టె తెరిచి ఏడు గాజు పలకలు
పాత దుప్పటి మీద పరిచాను.
అంతాల్యా నుంచి రెండు గంటల దారి, నారింజ తోట నడుమ
రేకుల కప్పు కింద
పదిహేను వందల ఏళ్ళ నాటి నేల
మా కాళ్ళ దగ్గర పడుకొని ఉంది.

"గాజు సంగతి తరవాత, ముందు ఈవిణ్ణి చూడు"
అంది షుకూఫె, తడి స్పాంజి పిండుతూ.
తుడిచిన చోటల్లా రంగు లేచింది.
దానిమ్మ పట్టుకున్న చెయ్యి,
ముంజేతికి నాలుగు నీలం గాజులు,
ఒక్కో గాజూ మినపగింజంత ముక్కల వరస.
"మిగతాదంతా రాయి. ఆ నీలం ఒక్కటే గాజు."

గాజులు గాజువే.
వాటిని కాయడానికి నేను గాజు మోసుకొచ్చాను.

మొదటిది మూడు పొరలది, జర్మనీది,
పొరల మధ్య ఆర్గాన్.
తేజ్జాన్ కళ్ళజోడు నుదుటికెక్కించి లెక్క కట్టాడు:
కొలిమిలో పుట్టి లారీలెక్కి ఇక్కడ దిగేసరికి
అది తాగే ఇంధనం
ఈ కట్టడం ముప్పై ఏళ్ళు మిగిల్చేదానికన్నా ఎక్కువ.
అప్పు చేసి పప్పు కూడు.

రెండోదానికి నీలి ఛాయ. పైన పెట్టగానే
ఆవిడ గాజులు బొగ్గు రంగుకి దిగాయి.
తీసేశాను.

మూడోది అద్దంలా మెరిసేది.
అప్పటిదాకా గుమ్మం దగ్గర సిగరెట్ చుట్టుకుంటున్న హయాతి
తల అడ్డంగా ఊపాడు.
నారింజ మొక్కకి గొయ్యి తీస్తూ ఈ నేలను తాకిన పార ఆయనదే,
ఇప్పుడు రాత్రి కాపలా ఆయనదే.
"పిట్టలు దాన్నీ ఆకాశమే అనుకుంటాయి.
పొద్దున్నే ఏరేది ఎవరు? నేనే కదా."

మిగిలినవాటికి తలా ఒక వంక.
ఒకటి పగలు కాస్తుంది, రాత్రి చెమర్చి
బొట్టు బొట్టుగా ఆవిడ మొహం మీదికే రాలుతుంది.
ఒకటి వేడిని బంధిస్తుంది,
అడుగు తడి పైకి పాకి
రాళ్ళ సందుల్లో ఉప్పు పూస్తుంది.
తెల్లటి పువ్వు, ముట్టుకుంటే పొడి,
పొడితో పాటు ఒక రంగు.

"మట్టి కింద ఉన్నన్నాళ్ళూ ఈవిడకి ఏ జబ్బూ లేదు"
అంది షుకూఫె, నా వంక చూడకుండా.
"జబ్బల్లా మనం చూడటమే."

మధ్యాహ్నం హయాతి మమ్మల్ని మేనల్లుడి పొలానికి తీసుకెళ్ళాడు.
సముద్రం వైపు కనుచూపు మేరా
ప్లాస్టిక్ కప్పుకున్న టమాటా తోటలు.
ఒకప్పుడు అవన్నీ గాజు ఇళ్ళే.
విప్పిన పలకలు గోడకానించి వందల కొద్దీ,
అంచుల్లో ఆకుపచ్చ, ఒంట్లో బుడగలు,
మీద చారలు చారలుగా పాత సున్నం.

"ఎండలు ముదిరితే సున్నం కొట్టేవాళ్ళం.
చలికాలం వానలు కడిగేసేవి.
మళ్ళీ ఎండలొస్తే మళ్ళీ సున్నం."
ఇంతే చెప్పి గొంగళిపురుగుని ఒకదాన్ని
పలక మీంచి ఆకు మీదికి మార్చాడు.

తేజ్జాన్ చాలాసేపు ఏం మాట్లాడలేదు.
నెత్తి మీద ఇది పనికిరాదు, పగిలితే కత్తి.
కప్పుకి కొయ్య, పెంకు. మూడు దిక్కులా మట్టి గోడ.
ఉత్తరాన మాత్రం, నిలువునా, బారెడు వెడల్పు,
ఈ పాత పలకలు.
పైనా కిందా గాలికి సందు.
చూడవచ్చినవాళ్ళు కాసేపు చీకటికి అలవాటు పడాలి.
"పడనీ" అంది షుకూఫె.

సాయంత్రం ఫోన్‌లో మా మేనేజరు:
"ఏడు పట్టుకెళ్ళి ఒక్కటీ అమ్మలేదా?"
ఫారంలో ఎండను ఆపే పూత పేరు అడిగిన గడిలో
నేను అప్పటికే రాసేశాను:
సున్నం. ఏటా ఏప్రిల్‌లో. బాధ్యత హయాతిది.

గోడలు లేచేదాకా ఆవిణ్ణి మళ్ళీ దాచాలి.
పల్చటి గుడ్డ పరిచి, జల్లించిన ఇసుక
దోసిళ్ళతో పోశాం.
దానిమ్మ పోయింది, మోచెయ్యి పోయింది.
గాజుల దగ్గర హయాతి చెయ్యి ఆగింది.
వాటిని చివర్న కప్పాం.